పళ్ళెం ఆగని బెంచీ

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రొట్టెముక్కల పళ్ళెం, వేలెడేసి గ్లాసుల్లో ద్రాక్షరసం పెడతారు. సంఘపెద్దలు ఆ పళ్ళేన్ని వరుసవరుసకూ పట్టుకొస్తారు. ఎడమవైపు ఆడవాళ్ళం కూర్చుంటాం, మాకు పాస్టరుగారి భార్య తెస్తుంది; కుడివైపు మగవాళ్ళు. ఆ ఆదివారం నా ముక్క నేను తీసుకున్నాక తల వంచుకోవడం మానేసి కుడివైపే చూస్తూ ఉండిపోయాను. పళ్ళెం ఒక్కొక్క బెంచీ దాటుతూ వెనక్కి వెళ్ళింది. చివరి బెంచీలో మా ఆయన ఒక్కరే ఉన్నారు. పళ్ళెం పట్టుకున్న పెద్దమనిషి ఆయన ముందు బెంచీ దాకా వెళ్ళి, కాస్త తటపటాయించి, వెనక్కి తిరిగిపోయారు. మా ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా గోడకేసి చూస్తున్నారు.

ఆయన గుండెకు ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్లు అప్పటికే చెప్పి ఉన్నారు.

అది ఎలా అక్కడిదాకా వచ్చిందో చెప్పాలంటే నా చదువు దగ్గర మొదలుపెట్టాలి.

మా ఆయన బిలాస్‌పూర్‌లోనే పుట్టారు. మామగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా ఆయన చదివింది హిందీ బడిలో. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. నేను పెళ్ళయి పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చాను. చిన్నప్పుడు జీడిపిక్కలు కొట్టి నా వేళ్ళు నల్లబడ్డాయి. పలక మాత్రం పట్టలేదు. ఆయన గూడ్సు గార్డుగా పనిచేసిన రోజుల్లో రైల్వే క్వార్టర్‌లో ఉన్నాం. రిటైరయ్యాక అర్పా నది అవతల సర్కండాలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. చేతినిండా పని లేకుండా పోయిన ఆ రోజుల్లో మా పాస్టరమ్మ సాయంత్రాలు ముగ్గురు నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పింది. మిగతావాళ్ళు మధ్యలో మానేశారు. నేను మానలేదు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ బైబిల్ చదవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో తెలుగు చదవగలిగిన మనిషిని నేనే అయ్యాను.

అంతకుముందు నాకు తెలిసిన యేసు పాటల్లోని యేసు. పాటల్లో ఆయనే దేవుడు, ఆయనే కాపరి, ఆయనే భూమిని చేసినవాడు. పాట పాడినంతసేపూ ఏ అనుమానమూ రాదు. పుస్తకం తెరిచాక మాత్రం నడుస్తూ నడుస్తూ అక్కడక్కడా రాయి తగిలినట్టు ఉండేది. ఆయన కొండ మీదికి పోయి ఒంటరిగా ప్రార్థన చేస్తాడు. ఎవరికి? చివరిదినం ఎప్పుడొస్తుందో తండ్రికే తెలుసు, కుమారుడికి కూడా తెలియదు అంటాడు. తండ్రి తనకంటే గొప్పవాడని తన నోటితోనే చెబుతాడు. ఇంకొకచోట తనూ తండ్రీ ఒకటే అంటాడు. ఈ రెండు మాటలూ ఒకే సువార్తలో ఉన్నాయి. నేను చదివింది తప్పేమో, అక్షరం సరిగ్గా పట్టుకోలేదేమో అని మళ్ళీ మొదటి నుంచి కూడబలుక్కునేదాన్ని. మాట మారేది కాదు. ఎవరినైనా అడగడానికి భయం. అడిగితే అనుమానం ఉన్నట్టు తెలిసిపోతుంది కదా.

మా ఆయనకు ఆ అనుమానం ఫోన్‌లోంచి వచ్చింది. తెలుగు ప్రసంగీకులు ఎదురెదురుగా కూర్చుని వాదించుకునే వీడియోలు గంటలకొద్దీ చూసేవారు. యేసు దేవుడు పంపిన కుమారుడేగాని దేవుడు కాడని ఒకాయన. కాదు, దేవుడే మనిషై దిగివచ్చాడని ఇంకొకాయన. మా ఆయన ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. బండి బ్రేకులు బాగున్నాయని కాగితం మీద సంతకం పెట్టాలంటే ఎండలోనైనా వానలోనైనా బండి పొడుగూతా నడిచి చూసుకునేవారు. "ఎదుటోడు సూసేడని నాను సంతకం ఎట్టేస్తానేటి?" అనేవారు. ఇప్పుడు ఆ నడకకు బదులు నా చదువు దొరికింది.

"ఏటే, ఆడు సెప్పిన కాడ నిజంగా అలగే ఉన్నాదా? తియ్యి, సదువు."

తీసేదాన్ని. చదివేదాన్ని. వాళ్ళు చెప్పిన ప్రతిచోటూ నా వేలి కిందనే తేలేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. ఒక్కోసారి "అచ్ఛా" అనేవారు. ఆ అచ్ఛా విన్నప్పుడల్లా ఆయన ఇంకొంచెం దూరం వెళ్ళిపోతున్నారని నాకు భయమేసేది.

డ్రైవరు అన్నయ్య మా సంఘంలో పెద్ద, ఆ ఆదివారం పళ్ళెం వెనక్కి తిప్పింది ఆయనే. మా ఆయనా ఆయనా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. బొగ్గు బండ్ల మీద ఎన్నో ఏళ్ళు ఆయన ముందు ఇంజనులో, మా ఆయన వెనక బ్రేకు వ్యానులో. సాయంత్రం టీ వేళకు వస్తే పాత డ్యూటీల కబుర్లు, ఒకరిమీద ఒకరు వేళాకోళాలు. ఈ వాదన కూడా మొదట్లో అలాగే నవ్వులతోనే నడిచింది. నేను మధ్యలో పీట మీద కూర్చుని, ఎవరు ఏ వచనం అడిగితే అది తీసి చదవాలి.

"బావా, కంట్రోలు ఆఫీసు ఆర్డరిస్తే నువ్వు బండి లాగినావు. పంపినోడూ ఎల్లినోడూ ఒకడేనేటి?" అన్నారు ఒకరోజు మా ఆయన.

"అరే యార్, వెనకాల టిఫిను డబ్బా ఎట్టుకుని కునికిపాట్లు పడినోడివి, నువ్వు నాకు కంట్రోలు సంగతి సెప్తావా?"

"కునికినా బండికి ఇన్‌చార్జి గార్డే. రూలు బుక్కులో ఉన్నాది. నా జెండా అవ్వకుండా నీ ఇంజను కదిలేదేటి?"

"సర్లే ఇన్‌చార్జి బాబూ, ఇది విను. చెల్లీ, ఆ అనుమానపడ్డ శిష్యుడి కాడ సదువమ్మా. తిరిగి లేచినాక యేసయ్య ఎదురుగా నిలబడితే ఆడేటన్నాడు? నా దేవుడా అన్నాడు. అంతేనా?"

అంతే ఉందని చదివి చెప్పాను.

"ఎవడన్నా కూలోడొచ్చి నన్ను పెద్దాఫీసరనుకుని డీఆర్‌ఎం గారూ అని దండం ఎడితే నేనేటంటాను? కాదురా బాబూ, నాను డ్రైవర్ని అంటాను. ఆయన కాదన్లేదు కదా! కానప్పుడు ఎందుకు ఊరుకుంటాడు?"

మా ఆయన నవ్వారు. "నిన్నెవడైనా డీఆర్‌ఎం అంటే నువ్వు కాదంటావా? మూడు దినాలు ఊరంతా సెప్పుకు తిరుగుతావు."

డ్రైవరు అన్నయ్య టీ పొలమారేలా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు అయ్యాక మా ఆయన మెల్లగా అడిగారు.

"మరి సిలువ మీద నా దేవా నన్నెందుకు ఇడిసిపెట్టేవని అరిసేడు కదా బావా. తనే దేవుడైతే ఎవర్ని అలగ అరిసేడు?"

డ్రైవరు అన్నయ్య గ్లాసు కింద పెట్టారు. "అది మనకి అర్థమయ్యేది కాదు బావా. శరీరంతో వచ్చినాడు కాబట్టి శరీరంతోనే ఏడ్చినాడు. ఆ కాడ ఆగిపోవాలి. అవతలికి ఎల్లకూడదు."

"సిగ్నలు ఎర్రగున్నాదా?"

"ఎర్రగానే ఉన్నాది. నవ్వకు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మా చర్చిలో ప్రతి ఆదివారం అందరూ లేచి నిలబడి విశ్వాసప్రమాణం చెబుతారు. మా ఆయన యేసు దేవుడనే మాట దగ్గర నోరు మూసుకోవడం మొదలుపెట్టారు. పక్కవాళ్ళకు తెలిసేది కాదు. అయినా ఆయనకు మనసొప్పలేదు. బల్ల కూడా కొన్ని నెలలు అలాగే తీసుకున్నారు. చివరికి ఒకరోజు తనంతట తానే పాస్టరుగారి ఇంటికి వెళ్ళి, "అయ్యగారూ, ఆ మాట నేను అనలేకపోతన్నాను. అనకుండా మీ బల్లలో చెయ్యి ఎట్టడం దొంగతనంగా ఉన్నాది" అని చెప్పి వచ్చారు. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ మాట నోటితో ఒప్పుకునేదాకా బల్లకు దూరంగా ఉండాలన్నారు. డ్రైవరు అన్నయ్య కూడా సరేనన్నారు. అలా ఆయన చివరి బెంచీకి వెళ్ళారు.

కొద్దివారాలకే మెట్లెక్కుతుంటే ఆయనకు ఊపిరి అందలేదు.

నా భయం ఎక్కడుందో ఇక్కడ చెబుతాను. బల్ల ఇచ్చే ముందు పాస్టరుగారు నెలనెలా ఒక భాగం చదువుతారు. యోగ్యత లేకుండా ఆ రొట్టె తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని, అందుకే మీలో చాలామంది రోగులయ్యారని, కొందరు చనిపోయారని అందులో ఉంటుంది. అక్షరాలు రాని రోజుల్లో అది చెవిన పడి పోయేది. చదవడం వచ్చాక ఆ పేజీ నా కళ్ళతో నేను చూశాను. ఆయన నమ్మకం మారాక కూడా కొన్ని నెలలు తిన్నారు కదా. ఆ నెలలే గుండెలో కూర్చున్నాయేమో. చర్చిలో ఆడవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఏమీ అనలేదు. నేను వెళ్ళేసరికి మాట ఆపేసేవారు. వాళ్ళూ అదే అనుకుంటున్నారని తెలియడానికి నాకు అది చాలు.

అప్పటినుంచి ఆయనకు చదివి వినిపించేటప్పుడు ఆ చోటు వచ్చేసరికి రెండు పేజీలు కలిపి తిప్పేసేదాన్ని.

ఆపరేషన్ రోజు ఖాయమయ్యాక పాస్టరుగారి దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. పాస్టరమ్మ కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు.

"అయ్యగారూ, కత్తి పడేముందు ఒక్కసారి ఆయనకి బల్ల ఇవ్వండి. బయటోడిలాగ పోకూడదు."

పాస్టరుగారు చిన్నవాడే, పెళ్ళయి దూరాన ఉన్న మా అమ్మాయి ఈడు. "అమ్మా, బల్ల నాదైతే ఇప్పుడే ఇచ్చేద్దును. నాది కాదు. ఆయన నమ్మకుండా తింటే ఏమవుతుందో మీరూ చదివారు. ఆ పని నా చేత్తో చెయ్యమంటారా?"

పాస్టరుగారికి కోపం లేదు. నాలాగే భయపడుతున్నారు. ఇవ్వకపోతే మా ఆయన బయటివాడిగానే పోతారు, ఇస్తే ఆ రొట్టే ఆయన్ని చంపుతుంది. దారి ఒక్కటే మిగిలింది. ఆయన నోటితో ఆ ఒక్క మాట అనాలి.

ఆపరేషన్ ముందురోజే ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. పక్క మంచం మీద పక్క ఊరు గతౌరా నుంచి వచ్చిన ముసలాయన నిద్రపోతున్నాడు. నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్కసారి అనీండి. పాస్టరుగారు సాయంత్రం వస్తానన్నారు. ఆయన ముందు ఒక్క మాట. నాకోసం."

"నీకోసమని అంటే అది నీ మీద నమ్మకం అవుతాది. యేసయ్య మీద కాదు."

"పోనీ భయంతోనైనా అనండి."

"భయమా?" ఆయన నవ్వబోయి ఆయాసపడ్డారు. "భయం లేదనుకుంటన్నావా? రెండు దినాల్నుంచి కాళ్ళు సల్లగున్నాయి. ఈ భయంతో ఏదైనా అనేస్తాను నేను. బ్రేకు సూడకుండా సంతకం ఎట్టినట్టు అవుతాది అది. లోపల ఉన్నోడికి తెల్దేటి?"

నేను ఏడ్చాను. ఆయన నా కొంగుతోనే నా కళ్ళు తుడిచారు. తర్వాత అన్నారు.

"నువ్వు రెండు పేజీలు కలిపి తిప్పే చోటు ఒకటున్నాది కదా."

నేను ఆయన చెయ్యి వదిలేశాను.

"చెవులున్నాయే నాకు. పేజీ తిప్పితే ఒక సప్పుడు, రెండు తిప్పితే ఇంకో సప్పుడు. అది ఏ చోటో కూడా తెలుసు. అయ్యగారు నెలనెలా సదివేదే. నాకూ రోగం అందుకేనా అని నేనూ అనుకోలేదనుకున్నావా?"

మా ఇద్దరి భయమూ ఒకటేనని ఆ రోజుదాకా నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే పుస్తకం దగ్గర కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

"నీ సంగతి సెప్పు," అన్నారు. "అన్నీ నీ నోటంటే కదా విన్నాను. మొదట్నుంచి చివరిదాకా సదివింది నువ్వు. నీకేటనిపిస్తన్నాది? ఆయన దేవుడా, కాదా?"

ఇంతవరకూ ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పెద్దలు ఆయన్ని పిలిపించి అడిగారు. నన్ను పిలవలేదు. వచనాలన్నీ నా నోటిలోంచే వెళ్ళినా నా లోపల ఏముందో ఎవరికీ అక్కరలేకపోయింది. నోరు తెరిచాను. అవునని రాలేదు. కాదని రాలేదు. కాదని అనడానికి భయం. అవునని అంటే ఆయన నా మొహం చూసి పట్టేస్తారు.

పుస్తకం తీశాను. నాకు తెలిసిన ఒక్క చోటు తెరిచాను. పట్టుకుపోయే ముందు యేసయ్య తోటలో మోకరించిన చోటు. చావు దగ్గరపడిందని తెలిసి లోపలంతా కలవరపడి, ఈ గిన్నె నా దగ్గరనుంచి తీసెయ్యమని తండ్రిని బతిమాలుకున్న చోటు. స్నేహితులు నిద్రపోతుంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళి లేపిన చోటు. నెమ్మదిగా, వేలు జరుపుకుంటూ చదివాను. మా ఆయన కళ్ళు మూసుకోలేదు. నా వేలి వైపే చూస్తున్నారు.

"ఆయనకీ భయమేసింది," అన్నారు చివరికి.

"ఊఁ."

"దేవుడికి భయమేస్తాదా?"

"నాకు తెల్దు."

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను. సాయంత్రం పాస్టరుగారు వచ్చి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. రొట్టె తేలేదు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి మంచం కేసి తిరిగి చూశారు. మా ఆయన ఏ మాటా అనలేదు. ఆ మాట ఇక రాదని నాకు అప్పుడు తెలిసింది.

తెల్లవారాక ఆయన్ని చక్రాల మంచం మీద తీసుకెళ్ళడానికి వచ్చారు. వరండా చివర డ్రైవరు అన్నయ్య నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. దగ్గరికి రాలేదు. పళ్ళెం తిప్పేసిన మనిషి ఇప్పుడెందుకు వచ్చారని నాకు ఒక్క క్షణం మండింది.

మంచం ఆపరేషన్ గది తలుపు దగ్గరికి వచ్చింది. అప్పుడు డ్రైవరు అన్నయ్య కుడిచెయ్యి పక్కకి చాచి నిలబడ్డారు. బండి కదిలాక గార్డు వెనకనుంచి పచ్చజెండా చూపిస్తాడు, డ్రైవరు ఇంజనులోంచి వెనక్కి తిరిగి జవాబు చూపిస్తాడు. ఒకరిది ఒకరు చూసుకున్నాకే బండి అంతా సవ్యంగా ఉన్నట్టు. క్వార్టర్లలో ఉన్న రోజుల్లో పిల్లలు ఆ ఆటే ఆడేవారు. మా ఆయన సూది గుచ్చిన చెయ్యి పైకెత్తారు. పూర్తిగా లేవలేదు. తలుపు మూసుకుంది.

డ్రైవరు అన్నయ్య గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. "ఎప్పుడూ నేను ముందు, ఆడు వెనక చెల్లీ. ఇదేటి, ఆడు ముందెల్లిపోతన్నాడు," అని కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు వచ్చిన మంట పోయింది.

నేను ప్రార్థన చెయ్యాలి. ఎవరికి చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాను. తండ్రిని పిలిస్తే కుమారుణ్ణి తక్కువ చేసినట్టేమో. కుమారుణ్ణి పిలిస్తే తండ్రికి ఇవ్వాల్సింది ఆయనకిచ్చినట్టేమో. తప్పు పేరు పిలిచినందుకు లోపల మా ఆయన పోతే? చదువు రాకముందు నాకు ఇలాంటి భయం ఎప్పుడూ లేదు. చివరికి నోట్లోంచి వచ్చింది నేను ఎంచుకున్నది కాదు. జీడిపిక్కలు కొట్టే పాకలో మా అమ్మ అన్నట్టే "యేసయ్యా" అన్నాను. ఆ వెంటనే "తండ్రీ" అన్నాను. ఆ రెండు పేర్లే తిప్పి తిప్పి అంటూ కూర్చున్నాను. ఎవరు విన్నారో నాకు తెలియదు.

మా ఆయన బతికారు. కోలుకోవడానికి చాలా రోజులు పట్టింది. మొదటిసారి చర్చికి వచ్చినరోజు మొదటి ఆదివారమే అయింది. ముందుకు రమ్మని ఎవరో కుర్చీ చూపించినా ఆయన చివరి బెంచీకే వెళ్ళారు. పాస్టరుగారు ఆ భాగం చదివారు. ఒక్కొక్క మాటా నా వేలి కింద ఉన్నట్టే వినిపించింది. పాస్టరమ్మ పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వైపు వచ్చింది. ఆయన అడిగిన ప్రశ్న ఇంకా నా లోపల అలాగే ఉంది. జవాబు లేకుండా తినడం ఆయన విషయంలో తప్పయితే నా విషయంలో ఎలా కాదు? పళ్ళెం నా ముందు ఆగింది. పాస్టరమ్మ నా మొహం కేసి చూసింది. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె పళ్ళేన్ని పక్కకి జరిపింది.

ఇంటికి వచ్చి మా ఆయన చెప్పులు విప్పాక విరుచుకుపడ్డారు.

"నీకేటయింది? నిన్నెవడు వొద్దన్నాడు? ఎందుకు ఒగ్గేసినావు?"

"మీరు ఆస్పత్రిలో అడిగిందానికి జవాబు దొరకలేదు."

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు. కోపంగా ఉన్నారో భయపడ్డారో తెలియలేదు. నా మొహం కేసి చూస్తూ, ఎన్నాళ్ళ తర్వాతో, "అచ్ఛా" అన్నారు. కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకున్నారు.

"అయితే తియ్యి. మొదట్నుంచి సదువు. నీకోసం ఈసారి."

పాస్టరుగారు రేపు వస్తారని మా చర్చికే వచ్చే పక్కింటామె చెప్పింది. నన్ను కూడా అడుగుతారు కాబోలు. ఏం చెబుతానో నాకు తెలియదు. కళ్ళజోడు తుడుచుకుని, నెలనెలా చర్చిలో చదివే ఆ పేజీయే ముందు తీశాను. రెండు పేజీలు అంటుకుని వచ్చాయి. విడదీసి, వేలు పెట్టి, ఆయనకు వినిపించేటట్టు పైకి చదివాను.